ముడతల తిత్తి కెమెరా

మా ఆయన ఫొటోలు తీసిన, హార్మోనియంలా ముడతల తిత్తి ఉన్న పెద్ద కెమెరాను కొనేవాళ్లు సాయంత్రం వస్తారు. ఆయన పోయాక ఇంట్లోంచి ఒక్కో వస్తువూ వెళ్లిపోతుంటే గడపలో నిలబడి చూడడమే నా పనైంది. ఆయనదంటూ ఇక ఇదొక్కటే మిగిలింది.

గదిలో మా చిన్నమ్మాయి ఒక కంపెనీ కోసం పెన్నుల ఫొటోలు తీస్తోంది. బల్ల మీద పడుకోబెట్టిన పెన్నుకు పాళీ స్పష్టంగా వస్తే చివర మసకబారుతోంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. విసుగెత్తి, తన డిజిటల్ కెమెరాను వాళ్ల నాన్న కెమెరా వెనక బిగించి, తిత్తికి ముందున్న లెన్సును పెన్ను వైపు కాస్త వంచింది.

నేను ఆయనకు కప్పిన అలవాటు కొద్దీ నల్లగుడ్డ తెచ్చి అమ్మాయి తల మీద కప్పాను.

"నాన్న ముసుగు నాకెందుకే అమ్మా? నా కెమెరాకు తెర ఉందిగా!"

"ఉంటే ఉండనీ. మీ నాన్నకు చీకట్లోనే బాగా కనబడేది."

నవ్వింది గానీ గుడ్డ తీయలేదు. కాసేపటికి లోపలి నుంచే అరిచింది.

"లెన్సు వంచేసరికి పెన్ను మొత్తం స్పష్టంగా వచ్చిందే అమ్మా, పాళీ నుంచి చివరిదాకా! కొనేవాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పు."

చెప్పాను. అయినా నమ్మకం కుదరక, వచ్చి తిత్తి మీద చెయ్యేసి నిలబడ్డాను.

"చెయ్యి తియ్యవే తల్లీ, కదులుతోంది. ఇదెక్కడికీ పోదులే."