ఇరవై సేర్ల కాంటా

తమ్ముడి సంచిలో బుచ్చి ముందు లుంగీలు పెట్టింది, పైన మక్క గారెల మూట పెట్టింది. మూట తీసి అడుగున సర్దింది, మళ్ళీ పైకి తెచ్చింది. ఎవరు ప్రయాణమైనా ఆమె చేతులకు నిలకడ ఉండదు.

వెంకట్రాం ఏటా దసరాకు కాటారం నుంచి దేవరుప్పుల వస్తాడు. పేరుకు అక్క కోసం, నిజానికి బావ సారయ్య పాత స్ప్రింగు కాంటాల కోసం. వసారా దూలానికి పదమూడు వేలాడుతుంటాయి. అన్నీ బావా బామ్మర్దీ కలిసి ఊళ్ళు తిరిగి తెచ్చినవే. అందులో జనగామలో మూతపడ్డ కొట్టు నుంచి తెచ్చిన ఇరవై సేర్ల ఇత్తడి కాంటా అంటే సారయ్యకు ప్రాణం.

"పోయేముందు పెద్దదానికి మొక్కిపో బామ్మర్దీ," అన్నాడు సారయ్య, దాన్ని తుడుస్తూ.

"మొక్కితే మా అక్కకు మొక్కుత బావా. నీ తుప్పు తుడువలేక ఆమె నడుం పోయె."

సారయ్య నవ్వుతూనే ఆగిపోయాడు. కొక్కేనికి ఏమీ లేదు. ముల్లు మాత్రం సున్నా మీద లేదు, రెండు దాటి నిలబడింది.

"నిన్న ఇప్పినవు గదా, ఏం జేసినవ్‌రా?"

"నూనె చుక్క ఏసిన, గంతే."

"నూనెకు తీగె సాగుతదా? ఏదో ఏలాడదీసినవు."

"నేను ఏలాడదీయలే బావా."

"మరి మీ అక్క ఏలాడదీసిందా?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు. "నాకేం ఎరుక," అంది బుచ్చి, సంచి జిప్పు లాగుతూ.

బరువు తగిలిస్తే లోపలి తీగచుట్ట సాగుతుంది, తీయగానే ముడుచుకొని ముల్లును సున్నాకు తెస్తుంది. మోయలేనంత బరువుతో వదిలేస్తే తీగ పూర్తిగా ముడుచుకోదు. సారయ్య ఈ మాట ఆమెకు ఎన్నోసార్లు చెప్పాడు. కానీ వాళ్ళిద్దరూ ఏదో కాంటా చూడటానికి మహబూబాబాద్ పోయిన రెండు రోజులూ ఒకటే వాన. గది కురుస్తోంది, ఎలుకలు పల్లికాయను కొడుతున్నాయి. బుచ్చి ఖాళీ బస్తాను ఆ పెద్ద కాంటా కొక్కేనికే తగిలించి, చాటతో కాయ నిండా పోసింది. ముల్లు చివరి అంకె దాటింది. మొన్న రాత్రి వాళ్ళు వచ్చేలోపల దించేసింది.

"దొంగను జేసినట్టు మాట్లాడుతున్నవు బావా," అని వెంకట్రాం సంచి అందుకున్నాడు. బుచ్చి వెంట వాకిలి దాకా పోయింది.

"మల్ల ఎప్పుడొస్తవురా?"

"బావ పిలిస్తే వస్త అక్కా."

చెప్పేందుకు నోరు తెరిచింది. బస్సు వేళయిందని అతను నడిచాడు.

నెల తర్వాత మొగుడికి చెప్పింది. సారయ్య తిట్టలేదు. "ముందు నువ్వు వానికి చెప్పు, ఎనుక నేను పిలుస్త. ఏ మొకం పెట్టుకొని పిలువాలె నేను?" అన్నాడు.

తమ్ముడికి ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అని అడిగింది, వానలెట్లున్నయని అడిగింది, మోకాళ్ళ నొప్పి గురించి చెప్పింది. అసలు మాట ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పాలనుకుంది. కాటారం తనే పోదామనీ అనుకుంది. పత్తి ఏరాక పోదామనుకుంది, ఎండలు తగ్గాక పోదామనుకుంది.

వెంకట్రాం ఆ ఇంటి నుంచి 2018 అక్టోబరు 22న వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. 2021 మే 9న కాటారంలో చనిపోయాడు.