ఏరే వారం

ఆదివారం పొద్దున దుబాయ్ జెబెల్ అలీలోని కూలీల క్యాంపులో సి బ్లాకు వాళ్లు బట్టలు ఉతుక్కుని, ఇళ్లకు ఫోన్లు చేసుకుని, పదింటికల్లా మెస్సు హాల్లో చేరి ఆ వారానికి ఒక పెద్దను ఎన్నుకుంటారు.

ఈ ఏర్పాటుకు కారణం మెస్సులో వంట చేసే ఏళుమలై. అతనిది తమిళనాడులో ఉత్తిరమేరూరు. ఆ ఊరి గుడి గోడ మీద వెయ్యేళ్ల కిందటి ఎన్నికల చట్టం చెక్కి ఉంది. ఎవరు తగుదురు, ఎవరు తగరు, తాటాకుల మీద పేర్లు రాసి కుండలో ఎలా వెయ్యాలి, ఏమీ ఎరగని చిన్నపిల్లవాడి చేత ఎలా తీయించాలి, అంతా రాతి మీదే ఉంది. స్నానాల గదుల దగ్గర వీళ్లు రోజూ వరస కోసం కొట్టుకోవడం చూడలేక ఒకనాడు అతను గరిటె పక్కన పెట్టి ఆ సంగతి చెప్పాడు. "మా ఊళ్లో ఏరి వారియం అని ఉండేది. మీరూ ఒకటి పెట్టుకోండి" అన్నాడు.

ఏరి అంటే తమిళంలో చెరువు. వారియం అంటే కమిటీ. నిజామాబాద్, జగిత్యాల చెవులకు మాత్రం అది 'ఏరే వారం' అని వినబడింది. ఏరుకునే వారం అన్నమాట! అందుకే అక్కడ ఏడాదికోసారి జరిగిన ఎన్నిక ఇక్కడ వారానికోసారి జరుగుతోంది. ఏళుమలై రెండు నెలలు దిద్ది చూశాడు. ఏడు రోజుల పెత్తనంలో మనిషికి చెడిపోయే తీరిక దొరకదని అర్థమయ్యాక ఊరుకున్నాడు.

తాటాకు దొరకదు కాబట్టి గేటు దగ్గరి ఖర్జూరపాకు కోస్తారు. రాతిలో 'సొంత ఇల్లు ఉండాలి' అన్నచోట 'సొంత మంచం ఉండాలి' అని మార్చుకున్నారు. దొంగతనం చేసి దొరికినవాడూ, వాడి బావమరదులూ పనికిరారు. పని పోయి ఇంటికి వెళ్లేవాడి పేరు కుండలో వెయ్యరు. ఇక చిన్నపిల్లవాడు. అరవై మంది మగవాళ్లున్న బ్లాకులో పిల్లవాడు ఎక్కణ్నుంచి వస్తాడు? ఆ లోటు కుండే తీర్చింది. ఎవరు చెయ్యి పెట్టినా లోపలికి వెళ్లేసరికి అది ఐదేళ్ల చెయ్యి అయిపోతుంది, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ వయసుకు తగ్గట్టు పెరుగుతుంది. కుండ మూతి ఇరుకు కదా, లేకపోతే ఎలా పడుతుంది? మల్లేశ్ ఒకసారి దోస్తు పేరున్న ఆకు కొన మడిచి, గుర్తు పెట్టుకుని మరీ చెయ్యి పెట్టాడు. ఐదేళ్ల చేతికి దోస్తేమిటి, మడతేమిటి? తనకు నచ్చిన ఆకు తీసుకుని వచ్చేసింది.

కుండలో పేరు లేనివాడే ఆకు తీయాలి. ఆ ఆదివారం ఆ పని లింబాద్రికి పడింది.

లింబాద్రి పదకొండేళ్లుగా సైట్లలో ఇనుప చువ్వలకు తీగ కడుతున్నాడు. రెండు నెలల కిందట చువ్వల కట్ట జారి కుడిచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గాని, రెండు వేళ్లు వంగడం మానేశాయి. శనివారం ఫోర్‌మన్ రత్నాకర్ పిలిచాడు.

"సోమవారం సైటుకొచ్చి ఇరవై ముళ్లు కట్టి చూపించు. కట్టావా, ఉంటావు. లేదంటే ఎగ్జిట్ రాసి ఇంటికి పంపాల్సిందే. నా చేతుల్లో ఏం లేదయ్యా."

"నా చేతిల గూడ ఏం లేదు సార్" అన్నాడు లింబాద్రి.

ఆదివారం పొద్దున భార్య కల్పనకు ఫోన్ చేసి చెప్పాడు. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఆమె వార్డు మెంబరుగా గెలిచింది.

"రా. పనిలేక వచ్చినవని నేనేం అన" అంది కల్పన. "కని మెంబర్‌ను నేను. పంచాయతీల నా కుర్చీల కూసుంటనంటె మాత్రం ఊకోను."

లింబాద్రి నవ్వాడు గాని, అతని భయమంతా అక్కడే ఉంది. పనిలేని మొగుణ్ని ఊరు ఊరికే ఉండనివ్వదు. 'మెంబర్ సాబ్, రా' అని చెయ్యి పట్టుకు లాక్కుపోయి ఆమె కుర్చీలో కూర్చోబెడుతుంది. అప్పుడు తాను కూర్చోకుండా ఉంటాడన్న నమ్మకం అతనికి లేదు.

పేర్ల జాబితా చూసే ఆశన్న అడిగాడు. "నీ పేరు రాయాల్నా, వద్దా?"

"వద్దన్నా. రేపు ఖలాస్ అయ్యేటోన్ని."

"అయితే నువ్వే తియ్యి."

ఎడమచెయ్యి పెట్టబోతే ఏళుమలై ఒప్పుకోలేదు. లింబాద్రి కుడిచెయ్యి లోపల పెట్టాడు. చెయ్యి చిన్నదయింది, ఆకుల మధ్య కాసేపు ఆడుకుంది, ఒకటి పట్టుకుంది. వెల్డర్ దేవదానం పేరు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరి చేతులూ వచ్చిన దారినే తిరిగి పెరుగుతాయి. లింబాద్రి చెయ్యి మాత్రం ఇనుము పడిన రోజును తప్పించుకుందామని అడ్డదారిన వచ్చింది. అతను వేళ్లు ముడిచాడు. ఐదూ ముడుచుకున్నాయి.

ఆశన్న చూసి, "మంచిగైంది. అన్నం తిందాం పా" అన్నాడు.

సంబరం సాయంత్రం దాకానే. గదిలో తీగ పట్టుకుని చూస్తే ముడి పడలేదు. అడ్డదారిన వచ్చిన చెయ్యి చదివిన చదువునూ, పదకొండేళ్ల పనితనాన్నీ అసలు దారిలోనే వదిలేసింది.

సోమవారం రత్నాకర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లింబాద్రి చువ్వ చుట్టూ తీగ తిప్పాడు. జారిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ జారింది. ఇక అయిపోయిందనుకుని అతను కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. ఐదేళ్లప్పుడు దానికి ఒక పని వచ్చు. వాళ్లమ్మ సాయవ్వ అరుగు మీద బీడీలు చుడుతుంటే, పక్కన కూర్చుని దారం కట్టేది. రెండు చుట్లు, గోటితో ఒక నొక్కు, అంతే. ఇప్పుడు తీగనూ అలాగే చుట్టి నొక్కింది. ఒకటి, రెండు, పది, ఇరవై.

రత్నాకర్ చువ్వ పట్టుకుని ఊపాడు. కదల్లేదు.

"ఇదేం ముడయ్యా? ఎక్కడ నేర్చావు?"

"మా అమ్మ తాన సార్."

"గట్టిగానే ఉంది. మిగతాది కూడా కట్టెయ్. యల్లా!"

తరువాతి ఆదివారం లింబాద్రి ఒక ఆకు అడిగి తీసుకుని పేరు తనే రాశాడు. ఆశన్న దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు.

"ఎవడ్రా ఈ లంబాద్రి?"

"నేనే అన్నా. గుడి మర్చిపోయింది చెయ్యి."

బలపం కొత్తగా పట్టిన పిల్లవాడి అక్షరాలవి. ఒక్కోటి ఒక్కో వైపు ఒరిగి ఉంది. గుడి పెట్టించుకుని ఆశన్న ఆకును కుండలో వేశాడు. మల్లేశ్ చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటుండగా లింబాద్రి గోడవారకు వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

"కల్పనా, నేను గూడ నిలవడ్డ."

"ఏడ?"

"ఈడ, క్యాంపుల. కుండల పేరేసిండ్రు."

అవతల కల్పన నవ్వు వినబడింది.

"గెలువు, గెలువు" అంది. "గెలిస్తే నేనే దుబాయ్ వచ్చి నీ కుర్చీల కూసుంట."