లేచి వెళ్లకూడని కుర్చీ

ఏమిటీ గౌను ఇవాళ ఇంత బరువుగా ఉంది, బంట్రోతు భుజాల మీద కప్పుతుంటే జడ్జిగారికి ముందు అదే అనిపించింది, బరువు గౌనుది కాదులే, సర్కారు నుంచి వచ్చి బల్ల మీదున్న ఆ ఉత్తరానిది, వంతెన కూలి పంతొమ్మిది మంది పోయారు, విచారణ సంఘానికి మీరే అధ్యక్షత వహించాలి, నివేదిక ముందుగా మంత్రిగారికి అందజేయాలి, ముందుగానట, ఎంత ముద్దుగా రాశారో, నచ్చితే బయటపెడతారు, నచ్చకపోతే బీరువాలో పెడతారు, ఇంతకీ వాళ్లకు కావలసింది ఆవిడ బుర్రా, ఆవిడ గౌనా, పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, ఆయనా వకీలే, అన్నీ తెలిసినవాడే, ఒప్పేసుకోవే, నువ్వు కూర్చుంటే జనం నమ్ముతారు అన్నాడు, అదే కదన్నయ్యా నా భయం, రాజ్యాంగం కోర్టునొక పక్క, సర్కారునొక పక్క కూర్చోబెట్టింది ఇటువాళ్లం అటెళ్లి వాళ్ల పని చేసిపెట్టడానికా అంటే, నీ చాదస్తం నీది అని పెట్టేశాడు.

చాదస్తమేనేమో, నిన్న టీవీలో ఒక తల్లి, వంతెనతో పాటు పోయిన కూతురి స్కూలు సంచి ఒళ్లో పెట్టుకుని, ఆ జడ్జిగారైతేనే మాకు నిజం తెలుస్తుంది అంది, కాదంటే ఆ తల్లి మొహాన తలుపేసినట్టే కదా, అప్పట్లో మిల్లు తగలబడినప్పుడూ తను ఇలాగే జాలిపడి విచారణకు ఒప్పుకుంది, ఏడాది పాటు కాలిన యంత్రాల మధ్య తిరిగి రాసిన నివేదిక బీరువాలోకి పోయింది, దాన్ని బయటపెట్టించమని కార్మికులు కోర్టుకొస్తే కేసు తిరిగి తిరిగి ఆవిడ ముందుకే వచ్చింది, తను రాసినదాని మీద తనే ఎలా తీర్పు చెబుతుంది, ఈ కేసు నేను వినకూడదని కాగితాలు పక్కన పెట్టి లేచింది, ముందు వరుసలో ముసలి ఫిట్టరు, కొడుకుని ఆ మంటల్లో పోగొట్టుకున్నవాడు, మీరు కూడా లేచి వెళ్లిపోతే ఎలాగమ్మా అన్నాడు, అంతే అన్నాడు, కేసు ఇంకో బెంచికి పోయి ఏళ్ల తరబడి నానింది, ఫిట్టరు దాని అంతు చూడకుండానే పోయాడు.

టైమవుతోంది మేడమ్, జవాబు ఏమని కొట్టమంటారు, స్టెనో తలుపు దగ్గర నిలబడ్డాడు, ఆలోచించుకోవడానికి వారం గడువు అడగనా, వద్దయ్యా, రెండు ముక్కలు చాలు, కొలువులో ఉన్న జడ్జిగా ఈ పని నేను చేయకూడదు, రిటైరైనవారిని ఎవరినైనా అడగండి, మరి ఆ తల్లి మేడమ్ అని నసిగాడు, ఆయనా టీవీ చూస్తాడు మరి, ఆ తల్లి కోసమేనయ్యా, వెళ్లి కొట్టు, అంటూ ఆవిడ గౌను సర్దుకుంది, ఇప్పుడది బరువుగా లేదు, ఆ నివేదిక ఎవరు రాసినా, ఏ బీరువాలో పెట్టినా, ఏదో ఒక రోజు ఆ తల్లి స్కూలు సంచి పట్టుకుని న్యాయం అడగడానికి ఈ కోర్టు హాల్లోకి రావచ్చు, గెలుస్తుందో ఓడుతుందో ఆ రోజు కాగితాలు చూసి చెప్పాలి, కానీ ఆమె వచ్చేసరికి తను ఈ కుర్చీలో కూర్చుని ఉండాలి.