గుండె గీసిన అంచు

ధర్మవరంలో పట్టుచీరల అంచులు గీసే గంగాధరప్పకు అర్థంకాని గళ్ళ కాగితం లేదు. ఒక గడి ఒక పోగు. కాగితం చూసే చీరలో తప్పు ఎక్కడొస్తుందో చెప్పేస్తాడు. ఆ గర్వమే ఈసారి కొంప ముంచింది.

మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడని డాక్టరు రామదాసు రోజూ నడవమన్నాడు. యాభై దాటిన గుండె కదా, మొదలుపెట్టేముందు పరీక్ష చేయిద్దామని బెంగళూరు పంపాడు. అక్కడ ఎదకు వైర్లు తగిలించి, కదిలే పట్టీ మీద పరుగెత్తించి, ఇంత పొడుగు గళ్ళ కాగితం చేతిలో పెట్టారు. వివరం మీ డాక్టరే చెబుతాడన్నారు. ఆ డాక్టరేమో పెళ్ళికని గుత్తి పోయి సోమవారానికి గానీ రాడు.

అంతవరకు ఆగితే గంగాధరప్ప ఎందుకవుతాడు? కాగితాన్ని చాపమీద పరిచి గళ్ళు లెక్కపెట్టాడు. గీత గోపురంలా లేచి దిగుతోంది. మొదట్లో గోపురానికీ గోపురానికీ మధ్య ఇరవై గళ్ళు. పోను పోను పదే. ముఖం పాలిపోయింది.

"ఏమే, అంచు బిగుసుకుపోతాండాది. ఇట్లయితే పోగు తెగుతాది. నా పని అయిపాయ."

నాలుగు రోజులు మంచం దిగలేదు. మంచినీళ్ళు కూడా భార్య నాగలక్ష్మమ్మే అందించింది. తన దినాలకు పూర్ణం పెట్టి ఓళిగలు చేయించమనీ, నెయ్యి దగ్గర పిసినారితనం వద్దనీ కూడా చెప్పాడు మహానుభావుడు.

సోమవారం డాక్టరు కాగితం చూసి నవ్వాడు.

"పరుగెత్తిస్తే గుండె పరుగెత్తదా, గంగాధరప్పా? గోపురాలు దగ్గరపడాల్సిందే. నేను చూసేది వాటి మధ్యనుండే గీత. అది కిందికి జారలే. నీకు నొప్పీ రాలే. పరుగాపి నిలబడినాక చూడు, గోపురాలు మళ్ళా ఎడంగా జరిగినాయి. భయం లేదు, నడువు. మొదట పది నిమిషాలు, మెల్లగా. ఎద పట్టేసినట్లుంటే నిలిచిపోయి నా దగ్గరికి రా."

"మంచంలో పండుకున్నా దడదడ కొట్టుకునె గదా సార్?"

"భయపడినా పరుగెత్తుతాదప్పా."

గోడవార నిలబడిన నాగలక్ష్మమ్మ అప్పుడు నోరు విప్పింది.

"అట్లయితే నాకూ ఒగ కాగితం తీయండి సార్. ఈయప్ప ఓళిగలు చెప్పినప్పటి నుంచి నాది పరుగెత్తతానే ఉండాది. ఇంగా నిలబడలే."

ఈసారి డాక్టరు నవ్వలేదు. గంగాధరప్పకు సిగ్గు ముంచుకొచ్చింది. నాలుగు రోజులూ కాగితం చూశాడే గానీ ఆమె ముఖం చూడలేదు.

బయట ఆమె రిక్షాను పిలవబోతే, బజారంతా చూస్తుండగా చెయ్యి పట్టుకున్నాడు.

"రిక్షా వద్దులేమ్మే. మెల్లగా నడుచుకుంటా పోదాం. నీదీ కుదురుకుంటాది."