పక్క స్థలంలో సాలీడు

“నాలుగు గీతల ముగ్గుకి ఇంతసేపేందే?” అని మా అత్తయ్య రోజూ అడిగేది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ముగ్గు అయిదు నిమిషాల్లో అయ్యేది. ఆ తర్వాత ఇంటి పక్క ఖాళీ స్థలంలో, ఉత్తరేణి పొదల మధ్య, ఫోనుకి చిన్న లెన్సు తగిలించుకుని నేలమీద బోర్లా పడుకునేదాన్ని. సాలీళ్ళ ఫొటోల కోసం. కందిగింజంత ఉంటాయి. ఎండ ఎక్కకముందైతే కుదురుగా ఉంటాయి. ఫోను వాటి మీదికంటా పెట్టి ఊపిరి బిగబట్టాలి, చెయ్యి ఏమాత్రం కదిలినా అంతా మసకే. ఒకటైతే ఆకు మడిచి, లోపల తెల్లటి గూడు కట్టుకుని, గుడ్లకి కాపలా కూర్చుంది. నేను దగ్గరికెళ్తే ఇటు తిరిగి, ముందున్న నాలుగు కళ్ళతో నన్నే చూసేది.

“ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా” అంటూ మా ఆయన మురళీధర్ కొట్లో అమ్మిన చీరలన్నిటికీ నాతోనే ఫాల్స్ కుట్టిస్తాడు. పన్నెండేళ్ళుగా కుడుతున్నా. ఫొటోల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే, “ఇదేం పిచ్చే?” అంటారని.

మొన్న మంగళవారం ఎదురింటి సీతమ్మ పిన్ని డాబా మీద నుంచి చూసింది. “ఓసి నాగవల్లీ! మట్టిలో ఆ పడుకోవడమేందే?” అని వీధంతా వినపడేలా అరిచింది. పాలబ్బాయి బండి ఆపేశాడు. నైటీ మోకాళ్ళ పైకి పోయి ఉంది. చచ్చిపోదామనిపించింది. “ఉంగరం పోయింది పిన్నీ” అన్నాను, వేలికున్నది లాగి గుప్పిట్లో దాచేస్తూ.

అంతే. బంగారం పోయిందంటే మా వీధి ఊరుకుంటుందా? అందులోనూ పెళ్ళి ఉంగరం. “చానా అరిష్టం” అంది ఒకావిడ. చీపుళ్ళూ జల్లెళ్ళూ పట్టుకుని వచ్చేశారు. అత్తయ్య పసుపు గుడ్డలో ముడుపు కట్టి, ఉంగరం దొరికితే కోటప్పకొండ మెట్లెక్కి వస్తానని మొక్కేసింది. మా ఇంటి మూడు మెట్లెక్కడానికే నా భుజం పట్టుకునే మనిషి! ఆమే వచ్చి నేలమీద కూలబడి, రెండు చేతులతో మట్టి తడమడం మొదలుపెట్టింది. పల్లేరు ముళ్ళు గుచ్చుకుని వేళ్ళకి నెత్తురొస్తున్నా ఆపలేదు. “పిచ్చిమొహమా, ఏడవబాకే, దొరుకుద్దిలే” అంటోంది. నేను ఏడుస్తున్నది దేనికో ఆమెకేం తెలుసు. గుప్పిట్లో ఉంగరం చెమటకి తడిసిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బంగారం పారేసుకున్న ఆడదాన్ని తిట్టి క్షమిస్తారు. నాకు ఇష్టమై ఇక్కడ పడుకున్నానని చెప్పడానికే నోరు పెగల్లేదు. ఆ మాట కంటే దొంగమాటే మర్యాదగా తోచింది నాకు. ఛీ.

మా ఆయన, కొట్లో పనిచేసే ఆంజనేయులుకి పార ఇచ్చి తీసుకొచ్చాడు. “పొదలన్నీ చెక్కెయ్” అన్నాడు. రెండు వేట్లకి ఉత్తరేణి మొక్కలు ఒరిగాయి. మూడోది నా సాలీడున్న కొమ్మ పక్కన పడింది. గూడు సగం చిరిగి వేలాడింది. అది పారిపోలేదు, గుడ్ల మీద ఇంకా అణిగి కూర్చుంది.

“ఆంజనేయులూ, ఆపు” అన్నాను. గుప్పిట విప్పాను. “ఉంగరం పోలేదు. నేనే అబద్ధమాడాను. సాలీడు ఫొటో తీసుకుంటున్నా.”

ఎవరో ఫక్కున నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. నెత్తురు మరకల చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని నా వంక చూసింది. ఆ చూపు భరించలేకపోయాను. ఆమె ముందు కూర్చుని ముళ్ళు ఒక్కొక్కటే తీశాను. “తప్పయిపోయింది అత్తయ్యా” అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“నలుగురిలో పరువు తీశావు. ఇంటికి నడువు, నీ సంగతి చెప్తా” అన్నాడు మా ఆయన.

నా మొహం ఇంకా మండిపోతూనే ఉంది.

“అత్తయ్యని తీసుకుని మీరు పదండి” అన్నాను. “దాని గూడు చిరిగింది. అల్లుకునేదాకా నేనిక్కడే ఉంటా.”