మేక ఏ స్టాపులో దిగింది

బస్సు కదులుతూనే ఉంది, సీట్లు ఉండాల్సిన చోట మా అంగన్‌వాడీ చాపలు పరిచి ఉన్నాయి, కిటికీల మధ్య అక్షరాల చార్టు వేలాడుతోంది, అప్పలకొండమ్మక్క కాళ్లు బార్లా చాపుకుని చింతపిక్కలను పదేసి చొప్పున కుప్పలు పోస్తోంది. ఆమె చనిపోయి మూడు నెలలైందని నాకు తెలుసు, అయినా ఆమెను చూడగానే నాకొచ్చేది ఏడుపు కాదు, ఒళ్లుమంట.

"మేకని బస్సెక్కించీసి, మద్దెలో ఒదిలేసి ఎల్లిపోనావు. నీకిది న్యాయమేటక్కా?"

"నానేటి కావాలని ఎల్లానేటే?" అంటుంది, తలెత్తకుండానే.

ఏడేళ్లు ఆమె దగ్గర ఆయాగా చేశాను. ఆమె పిల్లలకు కథ చెబుతుంటే వెనక పప్పు కలుపుతూ సగం సగం వినేదాన్ని. రోజూ అదే మేక, అదే బస్సు. మెట్లెన్నో పిల్లలు లెక్కపెడితేగాని మేక ఎక్కదు, బోర్డు మీద మొదటి అక్షరం చెబితేగాని బస్సు కదలదు. ఆమె పోయాక టీచరు పని నాకిచ్చారు, ఆ పిల్లలు నా మెడకు చుట్టుకున్నారు. అంకెలు చెప్పబోతే మేక ఏదంటారు, రంగులు చెప్పబోయినా మేక ఏదనే అంటారు. ప్రాణం విసిగిపోయింది నాకు.

బస్సు ఇప్పుడు మా వంటగదిలోంచి వెళుతోంది, కుక్కర్ కూతలు పెడుతుంటే అక్క కిటికీలోంచి చెయ్యి చాపి స్టవ్ తగ్గిస్తుంది.

"మరేటి సేసినావు?"

"ఏటి సేస్తాను? పార్వతీపురంలో దించీసి, గడ్డి పెట్టీసి, ఒక్క పూటలో కథ ముగించీసినాను. పాఠాలవ్వాలా, వద్దా?"

"పిల్లలూరుకున్నారా?"

"అందరూ ఊరుకున్నారు. నూకరత్నమే..." అని ఆగిపోతాను, మిగతాది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగేళ్ల పిల్ల, ఇంట్లోనూ బయటా పెదవి విప్పనిది, అక్క కథలో మాత్రమే మాట్లాడేది, నేను కథ ముగించిన రోజు నుంచి అదీ లేదు. సోమవారం సూపర్‌వైజరమ్మ వస్తుంది, పిల్లకు మాటలు రావని రిజిస్టర్లో రాసేస్తుంది, వాళ్లమ్మేమో రోజూ గుమ్మంలో నిలబడి "ఈరోజైనా ఏటైనా అన్నాదా?" అని అడుగుతుంది, నాకు వెనక తలుపులోంచి పారిపోవాలనిపిస్తుంది.

"మేక మాటలు ఎవరు సెప్పినారు?"

"నానే. ఇంకెవరు సెప్తారు?"

అక్క చేతిలో పిక్కలు ఆగిపోతాయి. "నీ తెలివి తెల్లారినట్టే ఉందే హైమా! కండక్టరు నాను, మేక నూకరత్నం. దాని మాటలన్నీ నువ్వే సెప్పీస్తే అదింకేటి సెప్తాది?"

నేనూ అదే గదిలో ఉన్నాను. మేక మాటలు పలికే ఆ పిల్ల గొంతు రోజూ విన్నాను, పట్టించుకోలేదు. నా మీద నాకే కోపం వస్తుంది, దాన్ని ఆమె మీద చూపిస్తాను.

"అయితే నువ్వే సెప్పు. ఏ స్టాపులో దిగినాది?"

"నాకేటి తెలుసే? ఏరోజుకారోజు దాన్నే అడిగీదాన్ని."

"బస్సెక్కడికెల్తాదో తెలీకుండానే ఇన్నాళ్లూ నడిపించీసినావా?"

అక్క నవ్వుతుంది, చాపలు పొడవుగా సాగిపోతున్నాయి, ఆమె ఆ చివరకు వెళ్లిపోతోంది, నేను చాపలు తొక్కుకుంటూ పరిగెడుతున్నాను, ఎంత పరిగెత్తినా మా ఇద్దరి మధ్య ఇంకో చాప ఉంటోంది. "ఎక్కడ దిగినాదక్కా? ఎక్కడ దిగినాది?" అని గొంతు చించుకుని అరుస్తాను.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం రెండయింది. అన్నాలయ్యాక పిల్లలను పడుకోబెడుతూ నేనూ అక్కడే ఒరిగిపోయాను. అందరూ నిద్రలో ఉన్నారు. నా కలవరింతకు లేచిందేమో, పక్క చాప మీద నూకరత్నం ఒక్కతే కళ్లు విప్పుకుని, నా నోటివంకే చూస్తోంది.

"నాను దిగనేదు," అంది, గొంతు జీరపోతుంటే. "పడుకుండిపోనాను."