మూడు లాప్‌టాప్‌లకి ఒక డ్రైవ్

“నీ దాంట్లో ఏముందని?” అన్నారు మా ఆయన సుకుమార్. అప్పుడు నేను కొరమీను ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తున్నాను. చేతులు రెండూ నీచు. జవాబు చెప్పడానికి చేతులతో పనేముంది? అయినా ముక్కలు తిరగేసి రెండోవైపు పట్టించాను.

పోయిన నెల మా అమ్మాయి బ్లెస్సీ లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. బాగుచేయించేదాకా దాని ఇంజనీరింగ్ ప్రాజెక్టు ఉందో పోయిందో తెలియక అది ఒకటే ఏడుపు, ఇంటిల్లిపాదికీ కంగారు. అప్పుడు ఇంట్లో తీర్మానమైంది, మూడు లాప్‌టాప్‌లకీ కలిపి ఒక బ్యాకప్ డ్రైవ్ కొనాలని. చవకలో మంచిది చూసే పని నాకు పడింది. “ఖాళీగానే ఉంటావుగా” అన్నారు. పొద్దున్న ఇద్దరికి క్యారేజీలు కట్టి, మామయ్యగారికి జావ కాచి, బస్సెక్కి ఏలూరులో జూనియర్ కాలేజీకి వెళ్ళి అయిదు పీరియడ్లు జువాలజీ చెప్పి వచ్చేదాన్ని నేను. ఆ ఖాళీలోనే చూశాను. ఆయనదీ బ్లెస్సీదీ కలిపితే నాలుగు వందల జీబీ, నాదొక్కటే ఆరు వందలు, కాబట్టి పేరున్న కంపెనీది రెండు టీబీ హార్డ్ డిస్క్ తీసుకుంటే చవకా మన్నికా రెండూ కుదురుతాయన్నాను. దానికొచ్చిందే ఆ ప్రశ్న. నీవి తీసెయ్, చిన్నది సరిపోతుంది అని కూడా అన్నారు.

నా దాంట్లో రెండు వందల పన్నెండు పాఠాలున్నాయి. ఇంటర్ జువాలజీ మొత్తం, తెలుగులో, నా గొంతుతో. ఆదివారం గుడి నుంచి వచ్చి, వండి, వడ్డించి, గిన్నెలు తోమి, అందరూ కునుకు తీస్తుంటే వెనక గదిలో తలుపేసుకుని రికార్డు చేసుకున్నవి. మూడేళ్ళు పట్టింది. ఆ లాప్‌టాప్ కూడా బ్లెస్సీ వాడి పడేసిందే. ఛార్జరు వైరు వంచి పట్టుకుంటే తప్ప పనిచెయ్యదు. మానవుని గుండె పాఠం నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. రక్తం కుడి కర్ణిక నుంచి కుడి జఠరికలోకి వెళ్ళే చోటికి రాగానే “కుమారీ, టీ అన్నాను, వినపడలేదా?” అని ఈయన గొంతు. కప్ప జీర్ణవ్యవస్థ పాఠంలో మామయ్య దేవసహాయంగారు, “గోడకి పాఠాలు చెప్తోందిరా మీ ఆవిడ” అనడం, ఈయన నవ్వడం స్పష్టంగా పడ్డాయి. టీ ఇచ్చి వచ్చి, ఆ ముక్క కోసేసి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. తాడేపల్లిగూడెంలో ఒక కోచింగ్ సంస్థ వాళ్ళు నాలుగు పాఠాలు చూసి, మొత్తం పట్టుకుని శనివారం రమ్మన్నారు. నచ్చితే పర్మనెంటు ఉద్యోగం. పాఠాల మీద నా పేరే ఉంటుందట. నలభై ఆరేళ్ళ వయసులో నాకు ఇంకోసారి రాని అవకాశం. ఇంట్లో చెప్తే, “గూడెం ఎవడు పంపిస్తాడు నిన్ను?” అన్నారు. పంపించడానికి నేనేమన్నా పార్సిలా అని అడగాలనిపించింది.

హార్డ్ డిస్క్ సంగతి ఆయనే తేల్చేశారు. ఫోన్‌లో ఏదో ప్రకటన చూసి, అగ్గిపెట్టంత డ్రైవ్, పదహారు టీబీ అని తెప్పించారు. నేను చెప్పిన దాంట్లో ఆరో వంతు ధర. “చూశావా, బేరం అంటే ఇదీ” అని మామయ్యగారికి తిప్పి తిప్పి చూపించారు. నాకు చూడగానే అనుమానం. బ్లెస్సీ సినిమాలు కొన్ని అందులో వేసి చూశాను. మొదటివి బాగానే ఆడాయి. తర్వాతవి పేర్లు కనపడుతున్నాయి, తెరిస్తే ఏమీ లేదు. ఉన్న కాస్త జాగా నిండాక కూడా అన్నీ ఎక్కించుకున్నట్టే నటించే దొంగ సరుకది. ఏవండీ, దీన్ని నమ్మి ఏదీ తీసెయ్యకండి అని చెప్పాను. తెరిచి చూపిస్తానన్నాను. “పాఠాలు మీ కాలేజీ పిల్లలకి చెప్పుకో” అన్నారు, పేపరు దించకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ నేననుకున్న రెండు టీబీదే నా జీతంతో కొనేశాను. నా పాఠాలూ, బ్లెస్సీ ప్రాజెక్టూ అందులోకి చేర్చి, తెరిచి సరిచూసుకుని, హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. శనివారం ఎవరూ పంపించకుండానే ప్యాసింజరెక్కి గూడెం వెళ్ళాను. పాఠాలు వాళ్ళ కంప్యూటర్లోకి ఎక్కించుకుని, జూన్ ఒకటిన చేరమన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామయ్యగారి ఒళ్ళో నా లాప్‌టాప్. పాస్టరు ప్రసంగాలు వింటున్నారు. “శుభ్రంగా ఫార్మాట్ చేసి నాన్నకిచ్చేశాను. నాది కూడా చేశాను, గుర్రంలా పరిగెడుతోంది. ముందు నీ వీడియోలు, తర్వాత నా ఫైళ్ళు ఆ డ్రైవ్‌లో వేశాలే, ఏడవకు” అన్నారు ఈయన. నన్నొక్క మాట అడగలేదు. మూడేళ్ళ ఆదివారాలు, ఒక్క నొక్కుతో. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. కొట్టాలనిపించింది, నిజం. మీవి ఒకసారి తెరిచి చూసుకోండి అని మాత్రం అన్నాను.

చూసుకున్నారు. చేపల మేత కంపెనీలో పదిహేనేళ్ళ ఉద్యోగం ఆయనది. మండవల్లి, కైకలూరు వైపు ఏ రైతు చెరువులో ఏ పిల్ల వేశాడు, ఎప్పుడు ఏ మేత పడింది, అన్నీ ఆ ఫైళ్ళలోనే. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. వైరు మార్చారు, బ్లెస్సీని పిలిచారు. నా పాఠాలు కూడా పోయినట్టేనని ఆయన బ్లెస్సీతో ఏదో అంటుంటే, అమ్మవీ నావీ అమ్మ వేరే డ్రైవ్‌లో పెట్టిందిగా డాడీ అని అది చెప్పేసింది.

వంటింట్లోకి వచ్చారు. ఆ గుమ్మం దాటి ఆయన లోపలికి రావడం చాలా అరుదు. నేను బియ్యం కడుగుతున్నాను.

“నీది పెట్టుకున్నావ్, బ్లెస్సీది పెట్టావ్. నాదొక్కటే ఎందుకు వదిలేశావ్? జాగా సరిపోలేదా?”

“సరిపోయేదండీ. సగానికి పైగా ఖాళీగానే ఉంది,” అన్నాను. “మీది పెట్టాలని నాకనిపించలేదు.”